పల్నాటి అన్నదమ్ములు, మన అన్నదమ్ములు



మేము నివసించే తుర్కయంజాల్ మీదుగా పోయే పెద్ద దారిని అందరూ సాగర్ రోడ్డు అంటారు. ఎల్.బి. నగర్ చౌరస్తా దగ్గర మలుపు తిరిగి, బి.ఎన్. రెడ్డి నగర్ దాటి, మా ఊరి మీదుగా ఇబ్రహీంపట్నము, మాల్ వైపు ఆ దారి సాగుతుంది. మాచర్ల బోర్డు కట్టుకొన్న బస్సులు దినమంతా ఈ దారినే పోతుంటాయి. నాగార్జునసాగర్ ఆనకట్ట దాటితే మాచర్ల. అక్కడినుండి పల్నాడు సీమ. మా ఊరినుండి ఒక్క పూట ప్రయాణము.

గత సంవత్సరము ఒక వివాహ ఆరాధన నిమిత్తము మేము గురజాల వెళ్లాము. గురజాల పేరు సంఘ చరిత్ర చదివినవారికి కొత్త కాదు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో పల్నాడు వెళ్లి గురజాలలో పరిచర్య మొదలుపెట్టారు. అయితే ఆయన రాకకు దాదాపు ఏడు వందల సంవత్సరాలకు ముందే గురజాల ఒక రాజధాని. ఒకే తండ్రి బిడ్డలు రెండు రాజ్యములుగా విడిపోయి, ఒకరినొకరు చంపుకొన్న కథలో అది ఒక పక్షమువారి పట్టణము. రెండవ పక్షమువారి పట్టణము మాచర్ల. ఇద్దరూ ఎదురుపడిన చోటు కారంపూడి. తిరుగు ప్రయాణములో అక్కడ దిగి, నాగులేటి ఒడ్డున కాసేపు నిలబడ్డాము. ఆ దినమునుండి ఈ సంగతి మా మనస్సును వదలలేదు. దీనిని గూర్చి వ్రాయుటకు ఇంకొక కారణము కూడా ఉన్నది. అది మా తప్పు. దానిని తరువాత చెప్పెదము.

పల్నాటి యుద్ధము కథ మన పెద్దలలో చాలామందికి తెలుసు. కొందరు వీరవిద్యావంతులు పాడగా విన్నారు. కొందరు 1966లో వచ్చిన సినిమాలో రామారావుగారిని బ్రహ్మనాయుడుగా, భానుమతిగారిని నాగమ్మగా చూచారు. 15వ శతాబ్దపు శ్రీనాథ కవి దీనిని ద్విపదగా వ్రాశాడని చెప్పుదురు. ఆ కావ్యములో మిగిలిన భాగమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చు వేయించారు. అయినను ఈనాటి మన పిల్లలకు తెలియదు గనుక క్లుప్తముగా చెప్పెదము.

పల్నాటిని హైహయ వంశపువాడైన అనుగురాజు ఏలాడు. వెలనాటి ప్రభువు కుమార్తె మైలమదేవిని వివాహము చేసికొన్నందున ఆ సీమ అతనికి అరణముగా వచ్చినదని కథ. అతనికి ముగ్గురు భార్యలు. మైలమదేవి కుమారుడు నలగామరాజు. వీరవిద్యాదేవి కుమారులలో ముఖ్యుడు మలిదేవరాజు. మూడవ భార్య భూరమదేవి కుమారులలో నరసింగరాజు ఒకడు. తండ్రి తరువాత నలగాముడు గురజాలలో రాజైనాడు. ఇంటిలో తగవులు పెరిగినవి. మంత్రి బ్రహ్మనాయుడు సవతి తమ్ముడైన మలిదేవుని పక్షము వహించాడు. నలగామునికి నాయకురాలు నాగమ్మ మంత్రిణి అయినది. రాజ్యము రెండుగా చీలినది. గురజాల అన్నకు, మాచర్ల తమ్మునికి. ఈ రెండు ఊళ్ల మధ్య దూరము ఇప్పటి బస్సులో ఒక గంట మాత్రమే!

పంచుకొని ఊరుకొనియుంటే బాగుండును. కోడి పందెమునకు కూర్చున్నారు. ఓడినవారు ఏడు సంవత్సరములు రాజ్యము విడిచి పోవలెనని షరతు. మాచర్లవారి కోడి ఓడినది. మలిదేవుడు, బ్రహ్మనాయుడు తమవారితో వలస పోయారు. ఏడేండ్లు గడిచిన తరువాత తమ భాగము తమకిమ్మని అలరాజును రాయబారిగా పంపారు. ఈ అలరాజు పరాయివాడు కాడు. నలగాముని కుమార్తె పేరిందేవికి భర్త, అనగా నలగామునికి స్వంత అల్లుడు. అల్లుని మాటైనా వింటారని ఆశపడి పంపారు. వినలేదు. అంతేకాదు, తిరిగి పోవుచుండగా చర్లగుడిపాడు దగ్గర అతనికి విషము పెట్టించి చంపారు. పేరిందేవి భర్త చితిలోనే ప్రాణము విడిచినది. ఆ పిమ్మట ఇక మాటలు లేవు. క్రీ.శ. 1182 ప్రాంతమున కారంపూడి యుద్ధభూమి అయినది.

ఆ యుద్ధములో ఎవరు చనిపోయారు? మలిదేవుడు చనిపోయాడు. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు చనిపోయాడు. ఆ చిన్నవాడు ఊరిలో బొంగరము ఆడుచుండగా, బొంగరము తగిలి గాయపడిన ఒక స్త్రీ, మీవాళ్లు యుద్ధములో ఉండగా నీకు ఆటలేమిటని ఎత్తిపొడిచినదట. ఆ మాటతో లేచిపోయాడు. అతని భార్య మాంచాల పడుచుపిల్ల. రెండు వైపులా వీరులందరు కూలిపోయారు. చివరకు నలగాముడు మిగిలాడు. గురజాల గద్దె అతనికే మిగిలినది. అయితే ఆ గద్దె చుట్టూ కూర్చుండుటకు తమ్ములు లేరు, అల్లుడు లేడు, కూతురు లేదు. బ్రహ్మనాయుడు కొడుకును పోగొట్టుకొని గుత్తికొండ బిలములోనికి వెళ్లిపోయాడని చెప్పుదురు. నలగామునికి అండగా నిలిచిన వెలనాటి ప్రభువుల బలము కూడా ఆ యుద్ధముతో తగ్గిపోయినది. 13వ శతాబ్దము ఆరంభములో కాకతీయ గణపతిదేవుడు వచ్చి ఆ తీరదేశమునంతటిని పట్టుకొన్నాడు. అన్నదమ్ములు దేనికొరకు కొట్టుకొన్నారో అది చివరకు మూడవవాని చేతిలో పడినది.

ఈనాటికిని ప్రతి సంవత్సరము కార్తిక అమావాస్యనుండి అయిదు దినములు కారంపూడిలో ఆ వీరుల ఉత్సవములు జరుగుతాయి. ఆ అయిదు దినములకు పేర్లున్నవి: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ పేర్లను మేము మరల మరల తలంచుకొన్నాము. అయిదు దినములలో వీరులు కూలిపోవుట చివరి దినము మాత్రమే. రాయబారము, కోడిపందెము వంటివి దానికి ముందటి దినములలోనే గుర్తుచేసికొంటారు. అనగా యుద్ధము కత్తి దూసిన దినమున మొదలు కాదు. దానికి ముందు చాలా దినములుంటాయి. ఆ దినములలో ఏ ఒక్కనాడైనను దానిని ఆపవచ్చును.

ఎక్కడెక్కడ ఆపవచ్చునో చూడండి. పంపకము జరిగిన దినమున ఆపవచ్చును. పందెమునకు పిలిచిన దినమున, రాననుటకు వీలున్నది. ఏడేండ్లు గడిచిన దినమున, మాట ప్రకారము భాగము తిరిగి ఇచ్చివేసినయెడల కథ అక్కడితో ముగిసేది. రాయబారి గుమ్మములోనికి వచ్చిన దినమున, కనీసము అతనిని క్షేమముగా తిరిగి పంపినను ఇంకొక రాయబారము జరిగేది. ఈ నాలుగు వాకిళ్లు మూసికొన్న తరువాతనే కారంపూడి వాకిలి తెరచుకొన్నది.

ఇంకొక సంగతి. జనులు ఈ కథ చెప్పునప్పుడు నిందంతయు నాగమ్మ మీద వేస్తారు. ఆ కాలములో ఒక స్త్రీ మంత్రిగా నిలిచి రాజ్యము నడిపినదనుట సామాన్య విషయము కాదు. ఆమె తప్పులు ఆమెకుండవచ్చును. కాని గద్దె మీద కూర్చున్నది నలగాముడు. ఇవ్వను అన్నది నలగాముడు. పందెమునకు ఒప్పుకొన్నది బ్రహ్మనాయుడు. మన ఇండ్లలోను ఇదే కదా జరుగుచున్నది! అన్నదమ్ములు విడిపోతే "కోడలు వచ్చి చెడగొట్టింది" అంటాము. మగవారి పేరాశ మీద మంచి బట్ట కప్పి, ఆడవారి మీద బురద చల్లుతాము.

బ్రహ్మనాయుని గూర్చి కూడా ఒక మాట. మాచర్లలో అతడు చాపకూడు పెట్టించాడని ప్రసిద్ధి. అనగా అన్ని కులములవారిని ఒకే చాప మీద కూర్చుండబెట్టి అన్నము పెట్టించుట. మాల కన్నమదాసును కొడుకువలె పెంచి, సేనాపతిని చేశాడు. ఎనిమిది వందల సంవత్సరముల క్రిందట ఇది ఎంత గొప్ప కార్యమో మన సంఘములవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈనాటికిని మనలో కొందరు ప్రేమవిందులో ప్రక్కన ఎవరున్నారో చూచి కూర్చుంటారు. అటువంటి బ్రహ్మనాయుడు కూడా, వేరు వేరు కులములవారిని ఒక చాప మీద కూర్చుండబెట్టగలిగినవాడు, ఒక తండ్రి బిడ్డలను ఒక చాప మీద కూర్చుండబెట్టలేకపోయాడు. పరాయివారితో కలిసి తినుట కంటె, పగబట్టిన అన్నతో కలిసి తినుట కష్టము.

ఇది మన పల్నాటివారికే పరిమితమైనది కాదు. ఇంగ్లండు దేశములో ఒకప్పుడు ఒక్క రాజ్యము లేదు. ఆంగ్లో-సాక్సన్ జనుల చిన్న చిన్న రాజ్యములు ఉండేవి. అందులో మెర్సియా, నార్తంబ్రియా అనే రెండింటికి పగ. మెర్సియా రాజు పెండా, 642లో నార్తంబ్రియా రాజు ఓస్వాల్డును చంపాడు. అతని తమ్ముడు ఓస్వీ రాజైనాడు. తరువాత ఈ ఇద్దరు రాజులు వియ్యమందుకొన్నారు, అది కూడా రెండు సార్లు. ఓస్వీ కుమారుడు పెండా కుమార్తెను చేసికొన్నాడు. పెండా కుమారుడు పేడా ఓస్వీ కుమార్తెను చేసికొన్నాడు. ఓస్వీ మరియొక కుమారుడు పెండా ఇంటిలో జామీనుగా ఉన్నాడు. ఇన్ని బంధుత్వములు ఉండియు యుద్ధము ఆగలేదు. ఓస్వీ ఎంతో ధనమిచ్చి సమాధానము కోరినా పెండా ఒప్పుకొనలేదని బీడ్ అనే చరిత్రకారుడైన సన్యాసి వ్రాశాడు.

655 నవంబరు 15న విన్‌వేడ్ అనే నది దగ్గర ఇద్దరు తలపడ్డారు. పెండా ముప్పది దండులతో వచ్చాడు. ఓస్వీ సైన్యము చిన్నది. ఓస్వీ అన్న ఓస్వాల్డు కుమారుడే, శత్రువుకు దారి చూపిస్తూ వచ్చి, యుద్ధము మొదలు కాగానే ప్రక్కకు తప్పుకొని ఎవరు గెలుస్తారో అని చూస్తూ నిలబడ్డాడు. వానలకు నది పొంగి ఉన్నది. కత్తికి చచ్చినవారికంటె నీటిలో మునిగి చచ్చినవారే ఎక్కువ. పెండా చనిపోయాడు, ఓస్వీ గెలిచాడు. ఇది నిర్ణయాత్మక యుద్ధమని చరిత్రకారులు వ్రాస్తారు. అయితే మరుసటి సంవత్సరమే ఓస్వీ అల్లుడు పేడా హత్య చేయబడ్డాడు. అది అతని భార్య ద్రోహమువలన జరిగినదని ప్రజలు చెప్పుకొన్నారు. మూడు సంవత్సరములు తిరిగేసరికి మెర్సియావారు తిరుగుబాటు చేసి, పెండా మరియొక కుమారుని రాజుగా నిలుపుకొన్నారు. "తేలిపోయింది" అనుకొన్నది తేలలేదు. అలరాజు, పేడా, ఇద్దరూ అల్లుళ్లే. దేశము వేరు, భాష వేరు, కాని రెండిండ్ల మధ్య నిలిచినవాడే ముందు చచ్చుట ఒకటే.

ఇప్పుడు మా తప్పును చెప్పెదము.

ఈ సాగర్ రోడ్డు ప్రక్క గ్రామములలో ఒకదానిలో మా సంఘస్థులైన ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఊరి పేరు, వారి పేర్లు చెప్పము. ఒకప్పుడు ఈ చుట్టుప్రక్కల జొన్న, ఆముదము పండేవి. గింజలు ఇంటికి వస్తే చాలుననుకొనేవారు. తరువాత పట్నము ఇటువైపు పెరిగినది. ప్లాట్ల రాళ్లు నాటారు. ఔటర్ రింగు రోడ్డు వచ్చినది. ఎకరములలో మాట్లాడుకొనేవారు గుంటలలో మాట్లాడుకొనుట మొదలుపెట్టారు, ఆ తరువాత గజములలో. భూమి విలువ పెరిగిన కొలది అన్నదమ్ముల మధ్య మాటలు తరిగిపోయినవి. ఈ ఇద్దరు కూడా చేను పంచుకొన్నప్పుడు బాటవైపు నాలుగు గుంటలు, ఒక బావి ఉమ్మడిగా వదిలిపెట్టారు. వ్రాత లేదు, కొలత లేదు. "మనమే కదా" అనుకొన్నారు. ధర పెరిగినప్పుడు ఆ నాలుగు గుంటలు ఎవరివని గెట్టు పంచాయతి మొదలైనది.

తమ్ముడు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరు పోయి అన్నకు చెప్పుండ్రి. బావికాడ కూసొని మాట్లాడుకుందం. ఎంత అంటే అంతకు సరే" అన్నాడు. మేము మధ్యాహ్నపుటెండలో అన్న ఇంటికి వెళ్లాము. అన్న మంచము మీదనుండి లేవలేదు. "వాని మొఖం నేను సూడ. కోర్టుల తేల్చుకోమను. మీరు గూడ వాని దిక్కే మాట్లాడుతున్నరు" అన్నాడు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మేము లేచి వాకిలి దాటుచుండగా వెనుకనుండి మరల పిలిచాడు. ముఖము ప్రక్కకు త్రిప్పుకొని, "వాని బిడ్డ పదో తరగతి పరీక్షలు రాసిందంట గద, మంచిగ రాసిందా?" అని అడిగాడు. "బాగానే వ్రాసిందట" అని చెప్పి వచ్చివేశాము.

తమ్ముని యొద్దకు వెళ్లి ఏమి చెప్పాము? మొదటి మాట చెప్పాము. రెండవ మాట చెప్పలేదు. "నీ ముఖము చూడనన్నాడు, కోర్టుకు రమ్మన్నాడు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాము. బిడ్డ పరీక్షలను గూర్చి అడిగాడని చెప్పలేదు. మరచిపోయామా? లేదు. ఎండలో పోయి అవమానము పొందాము గనుక అన్న మీద మాకే కోపము వచ్చినది. సేవకులమైన మమ్మును కూర్చోమని కూడా అనలేదే అని మనస్సు నొచ్చుకొన్నది. ఆ కోపముతోనే, గుచ్చుకొనే మాటను మోసికొని వచ్చి, మెత్తని మాటను దారిలో పారవేశాము. తమ్ముడు మరుసటి వారమే వకీలును చూచుకొన్నాడు. మేము కూడా, చేయవలసినది చేశాములే అని ఊరుకొన్నాము.

కేసు నాలుగు సంవత్సరములు నడిచినది. ఇద్దరూ ఒకే మందిరములో ఆరాధనకు వచ్చేవారు, ఒకడు కుడివైపు ద్వారమున, ఒకడు ఎడమవైపు ద్వారమున. వారి అక్క పుట్టింటికి వచ్చుట మానుకొన్నది. ఏ ఇంటికి ముందు పోయినను రెండవ ఇంటిలో గొడవ. తమ్ముని బిడ్డ పెండ్లి జరిగినది. పెద్దనాయన రాలేదు.

కారంపూడిలో నాగులేటి ఒడ్డున నిలబడినప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది ఇదే. అలరాజును చంపినవారు రాయబారిని చంపారు. మేమైతే రాయబారిగా వెళ్లి, రాయబారమును చంపాము. విషము పెట్టనక్కరలేకపోయినది. ఒక్క మాట చెప్పకుండ ఉంటే చాలినది.

తిరిగి వచ్చిన వారము దినములకే అన్నకు పక్షవాతము వచ్చినదని కబురు తెలిసినది. అప్పుడు తమ్ముని చేను యొద్దకు వెళ్లి, గెట్టు మీద నిలబడి, నాలుగేండ్లు దాచిన మాట చెప్పాము. మా తప్పును ఒప్పుకొన్నాము. అతడు చాలాసేపు నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. "అట్ల అడిగిండా, అయ్యగారూ? నా బిడ్డను అడిగిండా? గా దినమే చెప్తే..." అన్నాడు. మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయకపోయినను మాకు అర్థమైనది.

ఆ సాయంత్రమే అక్కకు ఫోను చేశాడు. అక్క వచ్చి, తమ్ముని చెయ్యి పట్టుకొని అన్న ఇంటికి తీసికొనిపోయినది. అన్నకు కుడిచెయ్యి పడిపోయినందున తినలేకపోవుచున్నాడు. తమ్ముడే అన్నము కలిపి పెట్టాడు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకొనలేదట. వెళ్లునప్పుడు అన్న, "బిడ్డ మంచిగున్నదా?" అని అడిగాడట. ఈసారి ఆ ప్రశ్నకు రాయబారి అవసరము లేకపోయినది.

కేసు ఇంకను ముగియలేదు. కాగితము వ్యవహారము గనుక ముగియుటకు సమయము పడుతుంది. నాలుగు గుంటలు ఎవరికి వెళ్లినను, పోయిన నాలుగు సంవత్సరములు, అన్న కుడిచెయ్యి తిరిగి రావు. అందులో మా భాగమెంతో ప్రభువునకు తెలుసు. ఇది చదివే సేవకులకు, సంఘపెద్దలకు ఒక్క మనవి. రాయబారమునకు వెళ్లినప్పుడు మీరు విన్న మాటలలో మెత్తని మాట ఏది ఉన్నను, అది ఎంత చిన్నదైనను, దానిని ముందు అందించండి. కఠినమైన మాట దానంతట అదే నడిచిపోతుంది. దానికి మన కాళ్లు అక్కరలేదు.

కుటుంబములకు కూడా కొన్ని మాటలు చెప్పెదము.

పాలు పంచుకొనుట పాపము కాదు. ఆదికాండము 13వ అధ్యాయములో అబ్రాహాము, లోతు విడిపోయారు. పశువుల కాపరులు కొట్లాడుకొన్నప్పుడు, పెద్దవాడైన అబ్రాహామే ముందుకు వచ్చి, కోరుకొనే అవకాశమును చిన్నవానికి ఇచ్చాడు. నలగాముడు చేయనిది ఇదే. అందుకే తరువాత లోతు చెరపట్టబడినప్పుడు అబ్రాహాము తన మనుష్యులతో వెళ్లి విడిపించగలిగాడు. చక్కగా విడిపోయినవారే ఆపదలో చక్కగా కలిసికొంటారు.

పంచుకొనునప్పుడు పగటివేళ, అందరి యెదుట, కొలిపించి పంచుకొనండి. బావి, బాట, చింతచెట్టు, ఏదియు "మనమే కదా" అని వదలవద్దు. వ్రాయించి రిజిస్టరు చేయించండి. వ్రాసికొనుట అపనమ్మకము కాదు. అది రేపటి పిల్లల కొరకైన ప్రేమ. అక్కచెల్లెండ్రను కూడా కూర్చుండబెట్టండి. 1925 నాటి భారతీయ వారసత్వ చట్టము ప్రకారము, విల్లు వ్రాయకుండ చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో మూడవ వంతు భార్యకు, మిగిలినది కుమారులకు, కుమార్తెలకు సమానముగా చెందుతుంది. ఇది మన గ్రామములలో చాలామంది అన్నదమ్ములకు తెలియదు, తెలిసినవారు చెప్పరు. తండ్రులారా, మీరు బ్రతికియుండగానే విల్లు వ్రాయండి. మీ మరణము తరువాత మీ మనస్సులో ఏమున్నదో ఊహించే పని పిల్లలకు పెట్టవద్దు.

పందెమునకు పిలిచినప్పుడు పోవద్దు. కోడి పందెము మాత్రమే పందెము కాదు. "దమ్ముంటే కోర్టుకు రా", "ఊరిలో ఎవరి మాట నెగ్గుతుందో చూద్దాం" అనునవి కూడా పందెములే. మన పిల్లల యెదుట అన్నదమ్ములను తిట్టవద్దు. బాలచంద్రుడు తన తగవు కొరకు చావలేదు. పెద్దల తగవు కొరకు చచ్చాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట అతనిని లేపినది. మనము వసారాలో కూర్చొని అనే మాటలు పిల్లలు వింటారు. మనకు కోపము చల్లారిన తరువాత కూడా వారిలో అది మండుతూనే ఉంటుంది.

ఒకవేళ యుద్ధము మొదలైపోయినదా? అప్పుడైనను ఆపవచ్చును. 2 సమూయేలు 2వ అధ్యాయము చదవండి. గిబియోను కొలను దగ్గర యోవాబు మనుష్యులు, అబ్నేరు మనుష్యులు, అందరూ ఇశ్రాయేలీయులే, ఎదురెదురుగా కూర్చున్నారు. ఆటవలె మొదలైనది. ఇరువైపుల పన్నెండుగురు చొప్పున లేచి ఒకరినొకరు పొడుచుకొని పడిపోయారు. ఆ దినమున ఒక వైపు 20 మంది, ఇంకొక వైపు 360 మంది చచ్చారు. సాయంకాలమున అబ్నేరు కొండమీదనుండి కేకవేసి, సహోదరులను తరుముట ఎంతవరకని అడిగాడు. గెలుచుచున్న యోవాబు బాకా ఊదించి తన జనులను నిలిపివేశాడు. గెలుచుచున్నవాడు ఆగుటయే కష్టము. తరువాత యోవాబు ఆ పగను మనస్సులో దాచుకొని అబ్నేరును చంపాడు, అది వేరు దుఃఖము. కాని ఆ సాయంకాలము మాత్రము అనేకమంది తల్లుల బిడ్డలు ఇండ్లకు చేరుకొన్నారు.

ప్రియులారా, మీ ఇంటిలో మాట్లాడని అన్న ఉన్నాడా? ఈ నెల ముగియకముందు ఎవరి చేతనైనను ఒక కబురు పంపండి. భూమిని గూర్చి వద్దు. ఆరోగ్యమును గూర్చి, పిల్లల చదువును గూర్చి అడగండి. మీ యొద్దకు అటువంటి కబురు వచ్చినయెడల, తెచ్చినవానికి మంచినీళ్లు ఇచ్చి కూర్చుండబెట్టండి. మీరు తెచ్చేవారైతే, దానిని దారిలో పారవేయకండి.

మా మందిరము ముందు ఇప్పుడే ఒక మాచర్ల బస్సు పోయినది. దానిని చూచినప్పుడెల్ల మేము ఆ ఇద్దరి కొరకు ప్రార్థించుట అలవాటు చేసికొన్నాము. మీరును మీ ఇంటివారి కొరకు ప్రార్థించండి. సమాధానకర్తయగు దేవుడు మీ గుమ్మములను తెరచియుంచును గాక. ఆమేన్.